ఇరవై నిమిషాల ప్రాణం

ఎసట్లో బియ్యం పోసి, అన్నం ఉడికి, గంజి వార్చేటప్పటికి ఇరవై నిమిషాలవుతుంది. ఆ కాస్త వ్యవధిలో నేను కూర తరుగుతాను, పేపరు తిరగేస్తాను, పక్కింటావిడ పిలిస్తే పిట్టగోడ దగ్గర నిలబడి నాలుగు మాటలు మాట్లాడి వస్తాను. ఇరవై నిమిషాలంటే నాకు అంతే. నూర్ ఇనాయత్ ఖాన్ జీవితం చదివిన తర్వాత మాత్రం ఎసరు పెట్టినప్పుడల్లా ఒకసారి గడియారం వంక చూస్తున్నాను. 1943లో పారిస్ నగరంలో ఆవిడ ప్రాణం ఆ ఇరవై నిమిషాల మీదే నిలబడి ఉండేది.

గూఢచారి అనగానే మనకు సినిమాలు గుర్తొస్తాయి. నల్ల కళ్ళద్దాలు, పిస్తోలు, కార్ల ఛేజింగులు. నూర్ దగ్గర ఉన్నదల్లా ఒక సూట్‌కేసు. అందులో వైర్‌లెస్ సెట్టు. దాదాపు పదిహేను కిలోల బరువు. సన్నగా, చిన్నగా ఉండే మనిషి, దాన్ని చేత్తో పట్టుకుని జర్మన్ సైనికుల మధ్య నుంచి వీధులు దాటాలి, రైలెక్కాలి. ఏదో ఒక ఇంట్లో చేరి, ఇరవై మీటర్ల తీగ చెట్టుకో కిటికీకో కట్టి, ముందే రహస్య లిపిలోకి మార్చి పెట్టుకున్న కబురును మోర్స్ కోడ్‌లో టకటకా కొట్టి లండన్‌కు పంపాలి. ఏ రోజు ఏ గంటకు పంపాలో ముందే రాసి ఉంటుంది. ఆ వేళకు ఇంగ్లండులో ఒక అమ్మాయి చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టుకుని కూర్చుని ఉంటుంది.

మీట నొక్కిన క్షణం నుంచీ లెక్క మొదలు. జర్మన్లు ఆకాశంలో వినపడే ప్రతి సంకేతాన్నీ పసిగడుతూ కూర్చునేవారు. ఎక్కడి నుంచి వస్తోందో ముందు ఊరు తేల్చుకుంటారు, తర్వాత పేట, ఆ తర్వాత మామూలు వ్యాన్లలా కనిపించే బండ్లు వీధుల్లో తిరుగుతూ ఇంటి దాకా వచ్చేస్తాయి. అరగంట ఒకేచోట కూర్చున్నారంటే తలుపు తట్టినట్టే. అందుకే ఇరవై నిమిషాలు దాటకూడదని ఆపరేటర్లకు చెప్పేవారు. అయినా ఫ్రాన్సులో వైర్‌లెస్ ఆపరేటర్ దొరక్కుండా ఉండగలిగేది సగటున ఆరు వారాలని అప్పటి అంచనా. వెళ్ళే ముందే ఆ సంగతి వాళ్ళకు తెలుసు.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. కబురును లిపిలోకి మార్చేటప్పుడు ఒక్క అక్షరం తప్పినా అవతలివాళ్ళకు అంతా గజిబిజిగా వస్తుంది. మళ్ళీ పంపమంటే ఇంకో ఇరవై నిమిషాల గండం. సంకేతాల విభాగంలో లియో మార్క్స్ అనే యువకుడు ఉండేవాడు. మళ్ళీ పంపమని ఎవరినీ అడగకూడదని ఆయన పట్టుబట్టాడు. ఆ తప్పుల తడకను ఇంగ్లండులో ఉన్న అమ్మాయిల ముందు పెట్టేవాడు. వాళ్ళు రాత్రింబవళ్ళు కూర్చుని, వేల రకాలుగా మార్చి మార్చి చూసి అర్థం రాబట్టేవారు. పేరూ ఊరూ ఎవరికీ తెలియని ఆ ఆడపిల్లలు తమ గంటలు ఖర్చుపెట్టి, ఎక్కడో ఉన్న ఇంకొకరి నిమిషాలు మిగిల్చారు. నాకు ఈ కథ మొత్తంలో బాగా నచ్చిన సంగతుల్లో ఇదొకటి.

ఇంతకీ నూర్ ఎవరు? 1914 జనవరి 1న మాస్కోలో పుట్టింది. తండ్రి ఇనాయత్ ఖాన్ బరోడాలో పుట్టిన సంగీత విద్వాంసుడు, సూఫీ గురువు. తల్లి ఓరా రే బేకర్ అమెరికన్. పెళ్ళయ్యాక అమీనా బేగం అయింది. తండ్రి వైపు నుంచి వీళ్ళది టిప్పు సుల్తాన్ వంశం. మన హైదరాబాదుతో కూడా సంబంధం ఉంది. ఇనాయత్ ఖాన్ యౌవనంలో ఇక్కడికి వచ్చి నిజాం మహబూబ్ అలీ ఖాన్ ఎదుట పాడి మెప్పించాడు. ఆయనకు సూఫీ దీక్ష ఇచ్చిన గురువు అబూ హాషిం మదానీ ఉన్నది కూడా హైదరాబాదులోనే. గురువు మాట ప్రకారం తూర్పు సంగీతాన్ని పడమటికి తీసుకువెళ్ళడానికి 1910 సెప్టెంబరు 13న ఓడ ఎక్కాడు. ఈ తేదీ కాస్త గుర్తుపెట్టుకోండి.

పారిస్ పక్కన సురేన్ అనే ఊళ్ళో ఫజల్ మంజిల్ అని ఒక పెద్ద ఇల్లు. నలుగురు పిల్లల్లో నూరే పెద్దది. ఆమెకు పదమూడేళ్ళప్పుడు, 1927లో, ఇండియాకు వచ్చిన తండ్రి ఢిల్లీలో పోయాడు. తల్లి ఆ దిగులుతో గదిలోంచి బయటికి రావడమే మానేసింది. ఇంకేముంది, ముగ్గురు చిన్నవాళ్ళకు అన్నం పెట్టడం, స్కూలుకు పంపడం, తల్లిని చూసుకోవడం అన్నీ ఈ పిల్ల నెత్తినే పడ్డాయి. మన ఇళ్ళల్లో పెద్దకూతుళ్ళ కథే. అయినా చదువు ఆపలేదు. వీణ వాయించేది, హార్ప్ నేర్చుకుంది, సోర్బాన్‌లో పిల్లల మనస్తత్వశాస్త్రం చదివింది. పత్రికలో పిల్లల పేజీకి కథలు రాసింది, రేడియోలో కథలు చెప్పింది. 1939లో బుద్ధుడి జాతక కథలు ఇరవై ఏరి ఇంగ్లీషులో పుస్తకంగా వేసింది. నేనూ ఇలాంటి పేజీలకు కథలు రాసుకునే మనిషినే కాబట్టి కాబోలు, ఆమె మీద నాకు మొదట మమకారం కలిగింది ఇక్కడే.

1940లో జర్మన్లు ఫ్రాన్సులోకి వచ్చేశారు. కుటుంబం ఇంగ్లండుకు పారిపోయింది. అహింస నమ్మిన తండ్రి పిల్లలు వీళ్ళు. అన్నా... కాదు, నూర్ కన్నా చిన్నవాడే, తమ్ముడు విలాయత్. అక్కా తమ్ముళ్ళు ఇద్దరూ కూర్చుని ఆలోచించుకున్నారు. ఎవర్నీ చంపని పని కావాలి, అయితే ప్రమాదం తప్పించుకున్నట్టూ ఉండకూడదు. అతను నౌకాదళంలో మందుపాతరలు ఏరే ఓడకు వెళ్ళాడు. ఆమె 1940 నవంబరులో వైమానిక దళం మహిళా విభాగంలో చేరి వైర్‌లెస్ నేర్చుకుంది. ఆఫీసరు పదవికి ఇంటర్వ్యూ చేసినప్పుడు, యుద్ధం అయిపోయాక ఇండియా స్వాతంత్ర్యం కోసం బ్రిటన్‌తో పోరాడవలసి వచ్చినా తను భారతీయుల పక్షమేనని చెప్పిందట. ఎదురుగా కూర్చున్న బ్రిటిష్ ఆఫీసర్ల మొహాలు ఎలా ఉన్నాయో చూడాలనిపిస్తుంది.

ఫ్రెంచి బాగా వచ్చు, వైర్‌లెస్ వచ్చు. 1943 ఫిబ్రవరిలో స్పెషల్ ఆపరేషన్స్ ఎగ్జిక్యూటివ్ అనే రహస్య సంస్థ ఆమెను తీసుకుంది. జర్మన్ల ఆక్రమణలో ఉన్న దేశాల్లోకి మనుషుల్ని దింపి, అక్కడి తిరుగుబాటుదారులకు ఆయుధాలూ డబ్బూ అందించడం దాని పని. శిక్షణలో నూర్‌కు మంచి పేరు రాలేదు. ఆయుధాలంటే భయం. అబద్ధం చెప్పడం రాదు. చలికి వేళ్ళు వాచి మోర్స్ మీటను దబదబా కొట్టేది, దానికో వెక్కిరింపు పేరు కూడా పెట్టారు. ఈ పనికి పనికిరాదని పైఅధికారి ఒకాయన రాసేశాడు. ఫ్రెంచి విభాగం అధిపతి బక్‌మాస్టర్ దాన్ని కొట్టి పారేశాడు. ఆపరేటర్ల కొరత అంతగా ఉంది మరి. పంపకుండా ఉండాల్సిందా అంటే నా దగ్గర జవాబు లేదు. ఆ రిపోర్టు పూర్తిగా తప్పూ కాదు, పూర్తిగా నిజమూ కాదు.

ఆ రోజుల్లో ఫ్రాన్సులోకి దొంగచాటుగా విమానం పంపాలంటే వెన్నెల కావాలి. లైసాండర్ అనే చిన్న విమానం దీపాలు లేని పొలంలో దిగాలి కాబట్టి పున్నమికి అటూ ఇటూ కొద్దిరోజులే వీలు. ఆ రోజులు తప్పితే మళ్ళీ నెల. ముహూర్తాలు మనకే కాదు, వాళ్ళకూ ఉండేవన్నమాట. 1943 జూన్ 16 రాత్రి నూర్ బయల్దేరింది. సాగనంపడానికి వెరా అట్కిన్స్ అనే అధికారిణి వచ్చింది. ఆవిడ కోటుకున్న వెండి పిట్ట బ్రోచి బాగుందని నూర్ అంటే, తీసి ఆమెకే పెట్టేసింది. తల్లికి ఎప్పుడూ క్షేమంగా ఉన్నానని మాత్రమే ఉత్తరాలు వెళ్ళాలని, తను పోయిందని రూఢి అయితే తప్ప చెడ్డమాట చెప్పవద్దని నూర్ అడిగింది. ఆ మాట ప్రకారమే ఆఫీసు నుంచి తల్లికి ఉత్తరాలు వెళుతూ ఉండేవి.

బ్రిటన్ నుంచి ఆక్రమిత ఫ్రాన్సులోకి వెళ్ళిన మొదటి మహిళా వైర్‌లెస్ ఆపరేటర్ ఆమె. రహస్యనామం మడలీన్. పైకి పిల్లల్ని చూసుకునే ఆయా.

అడుగుపెట్టి పట్టుమని పది రోజులు కాలేదు. ఆమె పనిచేయవలసిన ప్రాస్పర్ అనే దళం నాయకుడు సటిల్ జూన్ 24న పట్టుబడ్డాడు. ఆ వెంటనే వందలమంది అరెస్టయ్యారు. ఆపరేటర్లు ఒక్కొక్కరే దొరికిపోయారు. వెనక్కి వచ్చేయమని లండన్ అంది. నూర్ రానంది. తను వచ్చేస్తే పారిస్‌లో మిగిలినవాళ్ళకు లండన్‌తో మాట్లాడే దారి ఉండదు. అలా కొంతకాలం పారిస్‌కీ లండన్‌కీ మధ్య దాదాపు ఆమె ఒక్కతే తీగ అయింది.

జుట్టుకు రంగులు మార్చుకుంటూ, ఇళ్ళు మార్చుకుంటూ మూడు నెలల పైన గడిపింది. చిన్నప్పట్నుంచీ తెలిసిన సురేన్‌కే వెళ్ళి పాత స్నేహితుల ఇళ్ళలో కూర్చుని కబుర్లు పంపింది. ప్రమాదమే, అక్కడ అందరూ గుర్తుపడతారు. ఒకసారి మెట్రో రైల్లో ఇద్దరు జర్మన్లు సూట్‌కేసులో ఏముందని అడిగితే, సినిమా ప్రొజెక్టరని చెప్పి తప్పించుకుంది. ఇంకోసారి అపార్టుమెంటు బయట చెట్టుకు తీగ కట్టలేక అవస్థపడుతుంటే, అక్కడే ఉండే జర్మన్ ఆఫీసరు ఒకాయన సాయం చేస్తానన్నాడు. మామూలు రేడియో కోసమనుకున్నాడు పాపం, తన చేత్తోనే కట్టి వెళ్ళాడు. అబద్ధం చెప్పడం రాదని రిపోర్టు రాసిన అధికారి ఇది విని ఉంటే ఏమనేవాడో!

జూన్ 16 నుంచి లెక్కపెట్టి చూశాను. నూట పంతొమ్మిది రోజులు. పదిహేడు వారాలు. ఆరు వారాలే అనుకున్న ఆయుష్షును దాదాపు మూడింతలు చేసుకుంది.

అక్టోబరు నడుమ ఆమెను వెనక్కి తీసుకువెళ్ళే ఏర్పాటు జరిగింది. ఈసారి వస్తానని ఒప్పుకుంది. ఆ కొద్దిరోజుల ముందు, లక్ష ఫ్రాంకులకు ఎవరో ఆమె అడ్రసు అమ్మేశారు. అక్టోబరు 13 ప్రాంతంలో ఆమె గదికి తిరిగి వచ్చేసరికి లోపల మనిషి కాచుకుని ఉన్నాడు. ఆయుధాలంటే భయపడే నూర్ అతని చెయ్యి రక్తం వచ్చేలా కొరికింది. చివరికి తుపాకి చూపించి, సాయానికి ఇంకొందర్ని పిలిపించుకోవలసి వచ్చింది అతనికి. అవెన్యూ ఫోష్‌లో 84వ నంబరు ఇల్లు జర్మన్ రహస్య పోలీసుల స్థావరం. అక్కడికి తీసుకువెళ్ళిన గంటలోనే స్నానం చేస్తానని చెప్పి గదిలో దూరి, కిటికీలోంచి బయటి గట్టు మీదికి దిగింది. పట్టుకున్నారు.

దొరికినవాళ్ళకు సంస్థ చెప్పిన నియమం ఒకటుంది. నలభై ఎనిమిది గంటలు నోరు విప్పకూడదు. ఈలోగా మిగిలినవాళ్ళు ఇల్లు మార్చేసుకుంటారు, కాగితాలు తగలబెట్టేస్తారు. రెండు రోజులు కాదు, వారాల తరబడి ప్రశ్నించినా నూర్ నుంచి ఏమీ రాలేదని అక్కడి అధిపతి కీఫర్ యుద్ధం తర్వాత ఒప్పుకున్నాడు.

కానీ నోరు చెప్పనిది పుస్తకం చెప్పేసింది. చదువుతూ నేను ఆగిపోయింది ఇక్కడే. పంపిన కబుర్లు, వచ్చిన కబుర్లు అన్నీ నూర్ ఒక నోటుబుక్కులో వరసగా రాసి దాచిపెట్టింది. ఆమెకిచ్చిన ఆదేశంలో ఉన్న మాటకు రెండర్థాలున్నాయి. టెలిగ్రాఫు భాషలో కబురు పంపడమని, మామూలు భాషలో కాగితాలు భద్రపరచడమని. ఆమె రెండోదే అనుకుంది. చాకలిపద్దు కూడా పదేళ్ళు దాచే అలవాటున్న నాలాంటిదానికి ఆ పొరపాటు అర్థం కాకపోదు. చెప్పినమాట తూచా తప్పకుండా చేసే పెద్దకూతురి పొరపాటు అది. కాకపోతే దాని ఖరీదు ప్రాణాలు. ఆ పుస్తకం చూసుకుని జర్మన్లు ఆమె సెట్టు మీద, ఆమె ధోరణిలో, ఆమెలాగే లండన్‌కు కబుర్లు పంపడం మొదలుపెట్టారు. ఆమెను పొగిడే వ్యాసాల్లో ఈ సంగతిని పక్కకు తోసేయడం చూశాను. అది న్యాయమనిపించదు నాకు, ఆమెకు కూడా.

మరి లండన్? ఆరుబయట వ్యాన్లు తిరుగుతున్న ఊళ్ళో ఇరవై నిమిషాల్లో నిర్ణయాలు తీసుకునే పని కాదు వాళ్ళది. కుర్చీ ఉంది, బల్ల ఉంది, కావలసినంత సమయముంది. పారిస్ దళాల్లో సోనియా అనే అమ్మాయి పనిచేసేది. మడలీన్‌కు ప్రమాదం జరిగింది, ఆస్పత్రిలో ఉందని ఆమె కబురు చేరవేసింది. ఆస్పత్రి అంటే వాళ్ళ భాషలో జైలు. ఈ సోనియా ఎవరో మాకు తెలియదంటూ లండన్ దాన్ని పక్కన పెట్టింది. సెట్టు నుంచి వచ్చే కబుర్ల మీద అనుమానాలు రాకపోలేదు. వచ్చాయి, సర్దుకున్నారు. అక్టోబరు గడిచింది, నవంబరు, డిసెంబరు, కొత్త సంవత్సరం కూడా వచ్చింది. 1944 ఫిబ్రవరి ఆఖరున ఆ సెట్టు చెప్పిన చోటుకే ముగ్గుర్ని పారాచూట్లతో దింపారు. కింద జర్మన్లు ఎదురుచూస్తున్నారు. ఆ ముగ్గురిలో ఆంతెల్మ్ అనే ఆయన, నూర్ పారిస్‌లో దిగిన కొత్తలో ఆమెకు అండగా నిలిచినవాడు. ఇంకొకరు మడలీన్ డామర్మాన్ అనే ఫ్రెంచి యువతి. ఈవిడ అసలు పేరే మడలీన్.

నూర్ ఊరికే కూర్చోలేదు. పై అంతస్తు గదుల్లో ఉన్న మరో ఇద్దరు ఖైదీలు స్టార్, ఫాయ్‌లతో కలిసి, ఎలాగో సంపాదించిన స్క్రూడ్రైవరుతో కప్పు కిటికీల ఊచలు వదులు చేశారు. నవంబరు 25 రాత్రి పైకెక్కారు. నూర్ గది ఊచ ఒక పట్టాన ఊడి రాలేదు, దానికే చాలాసేపు పట్టింది. ఎట్టకేలకు ముగ్గురూ కప్పు మీదికి చేరారు. సరిగ్గా అప్పుడే విమానదాడి సైరను మోగింది. వచ్చినవి బ్రిటిష్ విమానాలు, వాళ్ళ పక్షం విమానాలే. సైరను మోగితే కాపలావాళ్ళు ఖైదీల గదులన్నీ తనిఖీ చేయాలని నియమం. ఖాళీ గదులు కనిపించాయి. వీధి చుట్టేశారు. ఆ ఊచ కాస్త ముందు ఊడినా, ఆ విమానాలు కాస్త ఆలస్యంగా వచ్చినా ఈ కథ వేరేగా ఉండేదేమో.

మళ్ళీ పారిపోనని కాగితం మీద సంతకం పెట్టమన్నారు. పెట్టలేదు. జర్మనీలో ఫోర్జైమ్ జైలుకు పంపారు. పదినెలలు ఒంటరి గది. చేతులకూ కాళ్ళకూ సంకెళ్ళు. తిండి తినడానికీ ఒంటికి నీళ్ళు పోసుకోవడానికీ కూడా ఇంకొకరి సాయం కావలసిన స్థితి. అక్కడ ఆమె తన పేరు నోరా బేకర్ అని చెప్పింది. బేకర్ తల్లి ఇంటిపేరు. అదే జైల్లో కొందరు ఫ్రెంచి స్త్రీలుండేవారు. అన్నం గిన్నెలు అడుగున గీసుకుని గది నుంచి గదికి కబుర్లు పంపుకునేవారు. జులై 4న నూర్ తన గిన్నె అడుగున అమెరికా స్వాతంత్ర్య దినానికి శుభాకాంక్షలు గీసింది. జులై 14న ఫ్రాన్సు జాతీయ దినానికి. మొదటిది తల్లి దేశం, రెండోది తను పెరిగిన దేశం. సంకెళ్ళతో, మాట్లాడే దిక్కు లేకుండా నెలలు గడిచినా ఏ రోజు ఏ తేదీయో ఆమె లెక్క తప్పలేదు. ఇంట్లో క్యాలెండరు గోడకు వేలాడుతుండగా తిథి మర్చిపోయే నేను ఇది చదివి చాలాసేపు పుస్తకం మూసి కూర్చున్నాను.

1944 ఆగస్టు 25న పారిస్ విడుదలైంది. సెప్టెంబరులో నూర్‌ను ఫోర్జైమ్ నుంచి డాఖౌ నిర్బంధ శిబిరానికి తరలించారు. దారిలో మరో ముగ్గురు స్త్రీలు కలిశారు. వాళ్ళలో ఒకరు డామర్మాన్. నూర్ పేరుతో వచ్చిన కబురును నమ్మి దూకిన ఆ అమ్మాయే. ఆ ప్రయాణంలో ఇద్దరూ ఏం మాట్లాడుకున్నారో ఎవరికీ తెలియదు. సెప్టెంబరు 13 తెల్లవారుజామున నలుగురినీ కాల్చి చంపారు. నూర్‌కు ముప్పై ఏళ్ళు. తండ్రి ఇండియా నుంచి ఓడ ఎక్కిన తేదీ కూడా అదే. కాకతాళీయమే అనుకోండి, అయినా ఆ ఇంట్లోవాళ్ళు ఆ తేదీని ఎలా భరించి ఉంటారు?

అన్నట్టు, తల్లికి వెళ్ళిన ఆ క్షేమసమాచారాలు. కూతురు సంకెళ్ళలో ఉన్న నెలల్లో కూడా వెళ్ళాయి. యుద్ధం ముగిశాక వెరా అట్కిన్స్ తను పంపిన అమ్మాయిలు ఏమయ్యారో వెతుక్కుంటూ జర్మనీ అంతా తిరిగింది. నాట్‌జ్‌వైలర్ అనే శిబిరంలో 1944 జులైలో చంపిన నలుగురు స్త్రీలలో ఒకరు నూరేనని మొదట అనుకున్నారు. సాక్షులు చెప్పిన పోలికలు కలిశాయట. ఫోర్జైమ్ జైలు సంగతి తెలిశాక, 1947లోగాని పొరపాటు బయటపడలేదు. ఆ నాట్‌జ్‌వైలర్ స్త్రీ సోనియా ఒల్షనెజ్కీ. మడలీన్ పట్టుబడిందని కబురు పంపిన సోనియా. బతికుండగా ఆమె ఎవరో తెలియదని మాట వినలేదు, చనిపోయాక కూడా కొన్నేళ్ళు ఆమెకు తన పేరు దక్కలేదు.

నూర్‌కు ఫ్రాన్సు 1946లో క్వా ద గేర్ ఇచ్చింది. బ్రిటన్ 1949 ఏప్రిల్‌లో జార్జి క్రాస్ ఇచ్చింది. తల్లి ఆ సంవత్సరమే పోయింది. 2012లో లండన్ గార్డన్ స్క్వేర్‌లో నూర్ ప్రతిమ పెట్టారు. ఆ దగ్గర్లోనే ఆమె ఉన్న ఇంటికి 2020లో పేరుపలక తగిలించారు. సూట్‌కేసు పట్టుకుని ఫ్రాన్సుకు బయల్దేరిన రోజుల్లో తల్లి ఉన్నది ఆ ఇంట్లోనే, ఉత్తరాలు వచ్చింది కూడా ఆ గుమ్మంలోకే.